సుంకి ఘాట్‌లో కాఫీ పళ్ల మూట

సాలూరులో బస్సెక్కినప్పుడు పది గంటలకల్లా ఒడిశాలోని సునాబెడలో పిన్ని చేతి ఉప్మా తింటాననుకున్నాను. సుంకి దాటిన మూడో మలుపులోనే బండి ఆగిపోయింది. ముందెక్కడో ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డం తిరిగిందట. గంటా ఇరవై నిమిషాలు కదల్లేదు. డిసెంబరు చలికి అందరూ కిటికీలు బిగించుకుని కూర్చున్నారు. ఆ మూసిన బస్సులో ఒక వాసన మొదలైంది. మొదట బెల్లం పాకంలా తియ్యగా, కాసేపటికి పులిసిన కల్లులా.

వాసన నా పక్క సీటు కిందున్న గోనెసంచిది. సుంకిలో ఎక్కిన ఒకామె తెచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మాటిమాటికీ సంచి మూతి సడలించి లోపలికి చెయ్యి పెట్టి చూసుకుంటోంది, పిల్లవాడికి జ్వరం తగ్గిందో లేదో చూసుకునే తల్లిలా. ఏమిటమ్మా అని అడిగితే గుప్పెడు తీసి చూపించింది. ఎర్రటి కాఫీ పళ్లు. కొన్ని అప్పుడే గోధుమ రంగుకు తిరిగాయి.

“వేడెక్కిపోతున్నాయి బాబూ. నిన్న పొద్దున కోసినవి. రాత్రే బండి దొరికుంటే బాగుండేది” అంది. సరిహద్దు సంతలకు తిరిగే మనిషి, తెలుగు చక్కగా మాట్లాడుతోంది.

నలభై ఏళ్లుగా కాఫీ తాగుతున్నాను. కాఫీ అంటే మిరియాల్లాగా ఎండిన సరుకని, గోదాములో నెలల తరబడి ఉంటుందని అనుకునేవాణ్ని. కడిగి చేసే మంచి రకం కావాలంటే పండు కోసిన రోజే తొక్క తీయాలని ఆమె చెప్పేదాకా తెలియదు. ఒక్క రాత్రి మూటలో మగ్గితే చాలు, పులుపు గింజకు పడుతుంది.

ఆమె సిమిలిగుడలో దిగుతుంటే నేనూ దిగిపోయాను. అక్కడి నుంచి సునాబెడ ఎంత దూరమని. పళ్లు కొనే కొట్టు సందు చివర ఉంది. వ్యాపారి సంచిలో చెయ్యి పెట్టాడు, వాసన చూశాడు, కిలోకు పది రూపాయలు తగ్గించాడు. పైగా ఇరవై కిలోల సంచిలో తరుగు కింద ఒక కిలో తీసేశాడు. ఆమె ఒక్క మాట అనలేదు. డబ్బులు కొంగున ముడి వేసుకుని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పులిసిన పండుకు ధర తగ్గుతుంది, అది కాదనను. కానీ ఇరుసు విరిగింది లారీది, నష్టం వచ్చింది ఆమెకు.

ఆ కోపంతోనే బస్టాండు ఎదుట హోటల్లో కాఫీ అడిగాను. పాతిక రూపాయలు తీసుకుని, ఇన్‌స్టంట్ కాఫీ పాకెట్ చించి పాలల్లో కలిపి ఇచ్చారు. చుట్టూ కొండల నిండా తోటలుండగా ఇదేమిటని అడిగితే, పార్వతీపురం నుంచి వచ్చి స్థిరపడిన ఆ యజమాని నొచ్చుకున్నాడు. “ఇక్కడ అందరూ టీయే తాగుతారండీ. గింజ పండించేవాళ్లు కూడా అంతే. ఫిల్టరు పొడి కావాలని అడిగిన మొదటి మనిషి మీరే.” మా అమ్మ విజయనగరంలో గంటస్తంభం దగ్గర పొడి పట్టించి, రాత్రే ఇత్తడి ఫిల్టరులో వేసేది. ఆ డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ గ్లాసు అక్కడే సగం వదిలేశాను.

బాబాయి సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఈ కొండలు ఆయనకు కొట్టినపిండి. రాత్రి భోజనాల దగ్గర పొద్దుటి సంగతి చెప్పాను. “జయపురం రాజావారు 1930 ప్రాంతంలో సరదాపడి కాఫీ వేయించారు, నిజమే. కానీ 1958లో ఒడిశా నేల సంరక్షణ శాఖ మొక్కలు పెట్టింది కాఫీ గింజ కోసం కాదురా, మట్టి కోసం” అన్నారు. కొండ వాలు మీద చెట్టు పోతే మట్టి వానతో జారి మాచ్‌ఖండ్ ప్రాజెక్టు జలాశయంలోకి చేరుతుంది. కాఫీకి నీడ కావాలి, నీడకు పెద్ద చెట్లు కావాలి, ఆ వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆలోచన మంచిదే. కాకపోతే పండు కోశాక ఏం చేయాలన్నది చాలా కాలం ఎవరి లెక్కలోకీ రాలేదని బాబాయి బాధ.

కర్ణాటకలోని చిక్కమగళూరులో ఎస్టేటుకు పండు తొక్క తీసే సొంత పల్పింగ్ షెడ్డు ఉంటుంది. ఇక్కడ ఇంటికి ఎకరమో రెండెకరాలో. ఎవరికి వారు షెడ్డు ఎలా కట్టుకుంటారు? 2019లో అరకు కాఫీకి వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) విశాఖ కొండలతో పాటు ఒడిశా కొండలకూ వర్తిస్తుంది. ఒడిశా ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ కొరాపుట్ కాఫీ పేరుతోనూ అమ్ముతోంది. పేరుకు లోటు లేదు. ఊళ్లోనే తొక్క తీసే మిషను ఉందా అన్నదే అసలు ప్రశ్న.

మర్నాడు బాబాయి తనకు తెలిసిన ఊరికి తీసుకెళ్లారు, పొట్టంగి దారిలో. ముప్పై ఇళ్లకు కలిపి ఒక చేతి పల్పర్. ముందు పళ్లను నీళ్లలో పోస్తున్నారు. తేలినవి తాలు, తీసేస్తున్నారు. మునిగినవి మిషను నోట్లో పోసి చక్రం తిప్పుతుంటే తొక్క ఒక పక్కకు, జిగురు గింజలు ఇంకో పక్కకు పడుతున్నాయి. ఆ గింజల్ని తొట్టిలో రాత్రంతా నానబెడతారు. అక్కడున్న అమ్మాయి ముందురోజు తొట్టిలోంచి గుప్పెడు తీసి నా అరచేతిలో పెట్టి, రుద్ది చూడమంది. చేతిలోంచి జారలేదు. ఇసుక రుద్దినట్టు గరగరమన్నాయి. “గింజలు ఇలా మాట్లాడితే జిగురు పోయినట్టు. ఇక కడిగి వల మీద ఎండబెట్టడమే. వారం పది రోజులు” అంది. ఆరు కిలోల పళ్లకు కిలో గింజ. కానీ ఎండిన గింజ ఆగుతుంది. లారీ అడ్డం తిరిగినా, వ్యాపారి మొహం చిట్లించినా, సంచి తిరిగి ఇంటికి తెచ్చుకోవచ్చు.

మిగిలిన రెండు రోజులూ పిన్ని ఇంట్లో తిండీ నిద్రా.

తిరుగు ప్రయాణంలో సుంకిలో దిగాను. టీ కొట్టతన్ని అడిగితే ఆమె ఇల్లు చూపించాడు. పెరట్లో కూర్చుని రాగులు చెరుగుతోంది. ఫోనులో తీసిన పల్పర్ బొమ్మలు చూపించాను. రెండుసార్లు చూసింది.

“కరెంటు కావాలా బాబూ?”

“అక్కర్లేదమ్మా, చేత్తో తిప్పడమే.”

“మరి కడగడానికి నీళ్లు? మాకు ఫాల్గుణం వచ్చేసరికి ఊట ఎండిపోతుంది.”

అది నేను అడగలేదు. అక్కడే నిలబడి బాబాయికి ఫోను చేశాను.