కాయితం మీద ఏముంది?

మామ్మకి కాకినాడలో కంటి ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొస్తున్నాం. కోటిపల్లి రేవుకి వచ్చేసరికి ఏరు దాటించే పంటు ఆపేశారు. 2024 జూలై నెలాఖరు. గోదావరి ఎర్రగా, రేవు మెట్లన్నీ ముంచేసి, దుంగల్నీ గుర్రపుడెక్కనీ మోసుకుంటూ పోతోంది. అవతల ముక్తేశ్వరం కనిపిస్తూనే ఉంది. కానీ ఇల్లు చేరాలంటే యానాం వెళ్లి, ఎదుర్లంక వంతెన ఎక్కి, చుట్టూ తిరిగి రావాలి. నాన్న ఆటో బేరమాడుతుంటే నా ఫోన్ మోగింది. లండన్ నంబరు, నేను ఉద్యోగానికి అప్లై చేసిన లా సంస్థది. అక్కడ ఉదయం పదిన్నర, మనకి మధ్యాహ్నం మూడు.

వరద హోరులో "కంగ్రాట్యులేషన్స్" అన్న మాట ఒక్కటే సరిగ్గా వినపడింది. అప్పటికి నాలుగు రోజుల ముందే, ఇంగ్లండ్‌లోనే లీడ్స్ అనే ఊళ్లోని ఇంకో లా సంస్థ ఆఫర్ లెటర్ పంపింది. ఒక్కటి వస్తే చాలు, ముక్తేశ్వరస్వామికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నదాన్ని. ఇప్పుడు రెండు వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంగ్లండ్‌లో సొలిసిటర్, అంటే క్లయింట్ల పనులు చూసే లాయరు, కావాలంటే 2021 సెప్టెంబరు నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష రాయాలి. మొదటి భాగంలో 360 ప్రశ్నలు, రెండో భాగంలో క్లయింటుతో మాట్లాడటం, కోర్టులో వాదించడం, లేఖలు రాయడం లాంటి 16 పనులు. వీటికి తోడు రెండేళ్ల పని అనుభవం చూపించాలి. ఫీజులే నాలుగున్నర వేల పౌండ్ల పైమాట, కోచింగ్ ఖర్చు వేరే. సంస్థే ఆ ఖర్చు పెట్టుకుని, రెండేళ్లు జీతమిచ్చి పని నేర్పితే దాన్ని ట్రైనింగ్ కాంట్రాక్ట్ అంటారు. నాకొచ్చిన రెండు ఆఫర్లూ దానికే. మామూలుగా ఆర్నెల్లకో విభాగం చొప్పున నాలుగు చోట్ల కూర్చోబెడతారు. చాలా సంస్థలు ముందు ఒకటి రెండు వారాలు పిలిచి, పని చేయించి, మనిషిని చూసుకుంటాయి. అదే వెకేషన్ స్కీమ్. అందులో నచ్చినవాళ్లకే ఎక్కువగా ఆఫర్లు వెళ్తాయి.

రాజమండ్రిలో లా అయ్యాక, బ్యాంకు లోను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లి లాలో పీజీ, ఎల్ఎల్ఎం చేశాను. రెండేళ్లలో 31 అప్లికేషన్లు పెట్టాను. ఒక్కో ఫారానికి కనీసం రెండు రాత్రులు పట్టేది. పగలు లాయర్లకి సాయం చేసే పారాలీగల్ ఉద్యోగం, రాత్రి "మా సంస్థే ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు. ఆ తర్వాత వాట్సన్ గ్లేజర్ అని ఒక టెస్టు, అరగంటలో 40 ప్రశ్నలు. ఇచ్చిన వాక్యంలో లేనిదాన్ని మనం ఊహించుకుంటున్నామా అన్నది అందులో చూస్తారు. దాంట్లోనే నాలుగు సార్లు పోయాను. మాటకి ముందూ వెనకా ఉన్నది కలుపుకుని అర్థం చేసుకోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడ కాయితం మీద ఉన్నంతే లెక్క.

మొదట్లో అందరిలాగే పెద్ద కంపెనీల విలీనాల మీద ఆసక్తి అని రాసేదాన్ని. నిజానికి నాకు వాటి గురించి ఏమీ పట్టదు. లీడ్స్ సంస్థకి వ్యవసాయ భూముల విభాగం ఉందని తెలిశాక మాత్రం మా నాన్న సంగతి రాశాను.

నాన్న కౌలురైతు. ఒకే ఆసామి దగ్గర నాలుగెకరాలు 19 ఏళ్లు చేశాడు. శిస్తు బస్తాలు ఏ ఏడూ బాకీ పెట్టలేదు. బోదెలో పూడిక తన కూలీతోనే తీయించాడు, గట్టు మీద కొబ్బరి మొక్కలు తనే వేశాడు. కాయితం మాత్రం లేదు. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను వచ్చినప్పుడు కోసిన చేను పనల మీదే నానిపోయి మొలకలొచ్చింది. పరిహారం ఆసామి ఖాతాలో పడింది. మరుసటేడు ప్రభుత్వం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. 11 నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం, బీమా, పరిహారం వస్తాయి. కానీ ఆ ఒప్పందం మీద ఆసామి సంతకం ఉండాలి. "మా మీద నమ్మకం లేదా?" అన్నాడాయన. నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఆ తర్వాతి ఏడు ఆయన కొడుకు వచ్చి ఆ పొలాన్ని రొయ్యల చెరువులకి ఇచ్చేశాడు. కొబ్బరి చెట్లు కొట్టేస్తుంటే నాన్న అటు వెళ్లనేలేదు.

ఇదంతా 300 పదాల్లో రాశాను. ఇంటర్వ్యూలో ఆ విభాగం పార్ట్‌నర్ ఒకటే అడిగింది: "మీ నాన్నకి నువ్వు ఒప్పందం రాస్తే మొదటి క్లాజు ఏది పెడతావు?" పంట పోతే వచ్చే డబ్బు పండించినవాడిదే అన్నది పెడతానన్నాను.

జూన్‌లో లీడ్స్‌లో రెండు వారాలు పని చేశాను. ఎప్పుడో ముగిసిపోయిన కేసు ఫైలు ఒకటి ఇచ్చి, ఏది ముందు ఏది వెనక అన్నది తేదీలవారీగా రాయమన్నారు. అందులో ఒక పాత కౌలు పత్రం ఉంది. ఎన్ని గేట్లున్నాయో, ఏ కంచె ఎవరు బాగుచేయాలో, కాలవలో పూడిక ఎవరు తీయాలో వరసగా రాసుంది. ఆ పేజీ మూడు సార్లు చదివాను. అక్కడ 1984 జూలై 12కి ముందు ఇచ్చిన కౌలైతే అర్హతున్న వారసులకి రెండు తరాల దాకా దక్కే వీలుంది. 1995 తర్వాతి కౌళ్లకి అంత రక్షణ లేదు. అయినా యజమాని ఒప్పుకోలుతో కౌలుదారు చేసిన మెరుగులకి, ఖాళీ చేసేటప్పుడు పరిహారం కట్టాల్సిందే. మా గట్టు మీది కొబ్బరి చెట్లే గుర్తొచ్చాయి.

లండన్ సంస్థ కూడా మంచిదే. మనుషులు మర్యాదగా చూశారు, పని పద్ధతిగా నేర్పారు. మొదటేడు జీతం 50 వేల పౌండ్లు. లీడ్స్ వాళ్లు ఇచ్చేది 34 వేలు. నా లోను వడ్డీ తల్చుకుంటే ఆ తేడా చిన్నది కాదు.

ఇంటి దగ్గర అరుగు మీద కూర్చుని రెండు లెటర్లూ ముందేసుకున్నాను. నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏం రాశారమ్మా అందులో?"

లండన్‌లో జీతం ఎక్కువని, వీసా సంగతి చూసుకుంటామని ఫోన్లో చెప్పారని అన్నాను.

"ఫోన్లో చెప్పింది కాదు. కాయితం మీద ఏముందో అది చదువు."

ఒక్కో పేరా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. లండన్ లెటర్లో చేరే తేదీ 2026 సెప్టెంబరు. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే నా గ్రాడ్యుయేట్ వీసా 2025 నవంబరుతో అయిపోతుంది. అక్కడ ఆఫర్లు రెండేళ్ల ముందే ఇవ్వడం మామూలే, అక్కడివాళ్లకి దాంతో ఇబ్బంది లేదు. మనలాంటివాళ్లకి ఆ మధ్య నెలలే కీలకం. ఇంగ్లండ్‌లో పని చేసే హక్కు అభ్యర్థే చూపించుకోవాలని రాసుంది. స్పాన్సర్‌షిప్, అంటే వర్క్ వీసాకి సంస్థే పూచీ ఉండటం, అన్న మాటే లేదు. పైగా 2024 ఏప్రిల్‌లో, అలా సంస్థ పూచీతో వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి కావాల్సిన కనీస జీతం 26,200 నుంచి 38,700 పౌండ్లకి పెంచారు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకి తగ్గింపు ఉంది, అయినా రేపు రూల్సు ఎలా మారతాయో ఎవరు చెప్పగలరు?

లీడ్స్ లెటర్లో చేరే తేదీ 2025 సెప్టెంబరు, స్పాన్సర్‌షిప్ మొదటి రోజు నుంచి. పరీక్ష ఫీజులు వాళ్లవే.

"మధ్యలో పొమ్మంటే?" అన్నాడు నాన్న.

అదీ రాసుంది. మొదటి పరీక్ష రెండు సార్లు తప్పితే తీసేయొచ్చు. సొలిసిటర్ అయిన ఏడాదిలోపు నేనే మానేస్తే ఫీజులు తిరిగి కట్టాలి. విని నాన్న తలూపాడు. "చెడ్డదైనా రాశారు కదా."

అయినా తొందరపడలేదు. రూల్సు మారినా స్పాన్సర్ చేస్తామన్న మాట లెటర్లో చేర్చగలరా అని లండన్ వాళ్లకి మెయిల్ పెట్టాను. లీడ్స్ వాళ్లని ఇంకో వారం గడువు అడిగితే వెంటనే ఇచ్చారు. అడిగితే ఆఫర్ పోతుందేమోనని భయపడే పిల్లలు చాలామంది ఉన్నారు, నేనూ భయపడ్డాను. అడగండి. ఎనిమిది రోజులకి లండన్ జవాబు వచ్చింది: అప్పటి పరిస్థితిని బట్టి పరిశీలిస్తామని.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి, కృతజ్ఞతలు చెప్పి, రాలేనన్నాను. చెబుతుంటే గొంతు వణికింది. 50 వేల పౌండ్లు వద్దనుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగని సంగతి. అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

లీడ్స్ లెటర్ మీద ఫోన్లోనే వేలితో సంతకం పెట్టి పంపేశాను. నాన్నకి అది నచ్చలేదు. ముక్తేశ్వరం నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి ఏడు పేజీలూ రెండేసి కాపీలు తీయించాడు. ఒకటి నా బ్యాగులో పెట్టాడు. రెండోది మడత పడకుండా అట్టల మధ్య పెట్టి, బీరువాలో అమ్మ పెళ్లి చీర కింద దాచాడు. పంటు మళ్లీ మొదలైంది. మర్నాడు పొద్దున్నే నేను బయల్దేరాను.