మంత్రా? క్వీనా?

స్కూల్లో చెస్ క్లబ్ నుంచి వస్తూనే మా అమ్మాయి బ్యాగు పడేసి, "అమ్మా, నాలుగు మూవ్స్‌లో ఓడిపోయాను" అంది. కళ్ళ నిండా నీళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఓటమి కొత్తేం కాదు. అందరూ చూస్తుండగా అంత తొందరగా ఆట అయిపోవడమే తట్టుకోలేకపోయింది.

బోర్డు తీసి, ఏం జరిగిందో చూపించమన్నాను. తెల్ల బంటు ఇ4, దీని బంటు ఇ5 (గడి పేరులో అక్షరం నిలువు వరసకు, అంకె అడ్డ వరసకు గుర్తు). అవతలి పిల్లాడు వెంటనే మంత్రిని, అదే క్వీన్‌ను, హెచ్5లో పెట్టాడు. ఇది గుర్రాన్ని సి6లోకి తెచ్చి బంటును కాచుకుంది. వాడి శకటు (బిషప్) సి4కి వచ్చింది. మంత్రిని బెదిరిద్దామని ఇది రెండో గుర్రాన్ని ఎఫ్6లోకి దూకించింది. అంతే, మంత్రి ఎఫ్7 బంటును కొట్టడం, ఆటకట్టు. ఆట మొదట్లో ఆ గడికి రాజు ఒక్కడే కాపలా. వెనక శకటు దన్నుంటే ఆ మంత్రిని రాజు ముట్టుకోలేడు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్యకు, అంటే మా నాన్నకు, బోర్డు చూపించింది. అంతకుముందు వాళ్ళిద్దరి మాటలు "బాగున్నావా", "బాగున్నా"తో అయిపోయేవి. దీనికి తెలుగు తడబాటు, ఆయనకు దీని ఇంగ్లీషు అందదు. ఆ రోజు మాత్రం క్వీన్ అని ఇది, మంత్రి అని ఆయన, గంటసేపు.

నాన్న నేర్చుకున్నది పాత పద్ధతి ఆట. అందులో బంటు మొదటిసారైనా ఒక్క గడే నడుస్తుంది. "నీ బంటును ఇ6లో పెట్టి చూడు తల్లీ, శకటు దారి ఏమైందో" అన్నారు. సి4 నుంచి ఎఫ్7కి వెళ్ళే దారి మూసుకుపోయింది! దాని మొహం చూడాలి. ఇప్పటి పద్ధతిలో, ఇ5 ఆడేశాక, శకటు సి4కి రాగానే బంటును జి6కి తోయాలని నేను చూపించాను. మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్ళీ ఎఫ్7 మీద కన్నేస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6కి.

నాన్న దాన్ని "నువ్వేం ఆడతావు?" అని అడగరు. "వాడి ఎత్తేమిటి?" అంటారు. మూవ్ అనే మాటలో కదలికే ఉంది. ఎత్తు అన్నప్పుడు అవతలివాడి పన్నాగం కూడా అందులోనే ఉంటుంది. ఆ తేడా నాకూ ఆ రోజే తట్టింది.

ఇలాంటి ఉచ్చులను పన్నడానికి కంటే తప్పించుకోవడానికి నేర్చుకోవాలని నా అభిప్రాయం. తెలిసినవాడి ముందు మంత్రిని తొందరపడి బయటికి తెస్తే, తరుముతుంటే పారిపోవడంతోనే సరిపోతుంది. లెగాల్ మేట్ అనే ఒక్క ఆటకట్టు మాత్రం ఇష్టంగా నేర్పాను. లెగాల్ 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు, పేరుమోసిన చెస్ ఆటగాడు ఫిలిడోర్‌కు గురువు. అందులో గుర్రం కదిలి, మంత్రిని శత్రువు శకటుకు వదిలేస్తుంది. ఆశపడి కొట్టాడా, శకటుతో చెక్, తర్వాత గుర్రంతో ఆటకట్టు. నాన్న మళ్ళీ మళ్ళీ ఆడించుకు చూశారు.

తర్వాతి వారం ఆ పిల్లాడు మళ్ళీ హెచ్5కే వచ్చాడు. ఇది జి6 ఆడింది. చివరికి ఓడిపోయింది గానీ, చాలాసేపు ఆడి ఓడింది. ఇంటికి రాగానే ఫోన్ అందుకుంది.

"తాతయ్యా, వాడి ఎత్తు ముందే తెలిసింది! మంత్రి పారిపోయింది!"

"పారిపోయాడు" అన్నారు నాన్న.

"పారిపోయింది తాతయ్యా, క్వీన్ కదా!"