కాంపౌండ్ నుంచి కాంప్లెక్స్‌కి: తెలుగు క్రియలు చూపిన దారి

టీచర్ల అర్హత పరీక్ష టెట్ పేపర్-1లో 150 మార్కులకు ఇంగ్లిష్‌వి 30. మొదటి నుంచీ తెలుగు మీడియంలో చదివిన నన్ను అందులో బాగా ఏడిపించినవి కాంపౌండ్ వాక్యాన్ని (బట్, సో లాంటి మాటతో రెండు పూర్తి వాక్యాలు కలిపినదాన్ని) కాంప్లెక్స్ వాక్యంగా (ఒక ముక్క రెండో దానిపై ఆధారపడేదిగా) మార్చే బిట్లు. 'బట్ ఉంటే దో, సో ఉంటే యాజ్, ఆర్ ఉంటే అన్‌లెస్' అని బట్టీ పట్టాను. ఆప్షన్లు చూడగానే అంతా కలగాపులగం అయిపోయేది.

ఒకరోజు వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని చూశాను. 'హి వర్క్‌డ్ హార్డ్, బట్ హి ఫెయిల్డ్'. కష్టపడ్డాడు, కానీ ఫెయిలయ్యాడు. దీన్నే మనం 'కష్టపడినా ఫెయిలయ్యాడు' అని కూడా అంటాం కదా! 'కష్టపడ్డాడు' దగ్గర వాక్యం ఆగొచ్చు, 'కష్టపడినా' దగ్గర ఆగలేదు. సబార్డినేట్ క్లాజ్ అంటే ఇదేనని అప్పుడు తెలిసింది. ఆ 'నా' చేసే పని ఇంగ్లిష్‌లో 'దో' చేస్తుంది: 'దో హి వర్క్‌డ్ హార్డ్, హి ఫెయిల్డ్'.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాట్లాడేటప్పుడు 'కష్టపడినా కానీ' అనేస్తాం. ఆ అలవాటు వల్లే దో, బట్ రెండూ ఉన్న ఆప్షన్ మన చెవికి సరిగ్గా ఉన్నట్టు వినిపిస్తుంది. దాన్ని పెట్టకండి.

'వర్క్ హార్డ్ అండ్ యు విల్ పాస్' కూడా అంతే. కష్టపడితే పాసవుతావు, కాబట్టి 'ఇఫ్ యు వర్క్ హార్డ్, యు విల్ పాస్'. 'హరీ అప్ ఆర్ యు విల్ మిస్ ద బస్' అంటే త్వరపడకపోతే బస్సు తప్పిపోతుందని. 'త్వరపడకపోతే'లోని 'కపోతే' మొత్తం అన్‌లెస్‌లోనే ఉంది. 'అన్‌లెస్ యు హరీ అప్' చాలు, 'డు నాట్' చేరిస్తే అర్థం తలకిందులవుతుంది.

నేను ఎక్కువ మార్కులు పోగొట్టుకున్నది 'సో' దగ్గర. 'హి ఈజ్ వెరీ వీక్, సో హి కెనాట్ వాక్' కాంపౌండ్. 'హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్' కాంప్లెక్స్. సో కనబడగానే కాంపౌండ్ అని పెట్టేసేదాన్ని. ఇప్పుడు దాని వెనక 'దట్' ఉందేమో చూశాకే ఆప్షన్ ముట్టుకుంటున్నాను.

యాజ్ దగ్గర మాత్రం ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను. సో ఫలితం ముందు వస్తుంది, యాజ్ కారణం ముందు వస్తుంది. 'షి వజ్ టయర్డ్, సో షి వెంట్ టు బెడ్ ఎర్లీ' అని ఇస్తే, 'ఎందుకు పడుకుంది?' అని అడుగుతాను. అలసిపోయినందుకు. ఆ ముక్క ముందే యాజ్ పెడతాను: 'యాజ్ షి వజ్ టయర్డ్, షి వెంట్ టు బెడ్ ఎర్లీ'.