పెండింగ్ 485తో తమ్ముడి పెళ్ళికి

మా ఇంట్లో నలుగురం, అందులో ముగ్గురి 485లు (గ్రీన్ కార్డు దరఖాస్తులు) పెండింగ్‌లో ఉన్నాయి. ఇండియా వెళ్ళడానికి అందరికీ ఒకే విమానం టికెట్లు కొనుక్కోవచ్చు కానీ, తిరిగి రావడానికి మాత్రం ఎవరి కాగితం వాళ్ళది. మావారు హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద, నేనూ పాపా అడ్వాన్స్ పెరోల్ (ఏపీ, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు తేలకముందే వెళ్ళి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) మీద, ఇక్కడే పుట్టిన బాబు అమెరికా పాస్‌పోర్టు మీద. ఈ తేడా తమ్ముడి పెళ్ళి కుదిరేదాకా మాకూ అంతగా పట్టలేదు.

2020 అక్టోబరులో ఇండియా ఈబీ-3 (ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో మూడో కేటగిరీ) ఫైలింగ్ డేట్, అంటే 485 వేయడానికి వీలిచ్చే తేదీ, ఒక్కసారిగా 2015 జనవరికి దూకింది గుర్తుందా? మావారి ప్రయారిటీ డేట్ (వరసలో మా స్థానం చెప్పే తేదీ) 2014. కంపెనీ వాళ్ళు రెండో కేటగిరీ ఈబీ-2 నుంచి ఈబీ-3కి డౌన్‌గ్రేడ్ చేసి, ఆ నెలలోనే నలుగురిలో ముగ్గురికి 485లు వేసేశారు. ఇక ఏడాదిలో కార్డు వచ్చేస్తుందని అందరం మురిసిపోయాం. కానీ 2024 వేసవికి కూడా ఈబీ-3 ఫైనల్ యాక్షన్ డేట్ (కార్డు చేతికిచ్చే వంతు వచ్చిన తేదీ) 2012 దాటలేదు. ఈలోగా నేను ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఉద్యోగంలో చేరాను. నాదీ పాపదీ హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే స్టేటస్) పొడిగించడం మానేశాం. మావారు మాత్రం హెచ్1బీ వదల్లేదు. మా లాయరు మొదటి నుంచీ పట్టుబట్టిన విషయం అదొక్కటే: రేపు 485కి ఏదైనా అయితే, ఇంట్లో ఒక్కరికైనా కాలు నిలబెట్టుకునే చోటు ఉండాలి. ఏపీ మీద వచ్చినవాళ్ళకి ఆ చోటు ఉండదు. పెండింగ్ దరఖాస్తే వాళ్ళకి ఆధారం.

485 పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. హెచ్, ఎల్ (కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ళది) స్టేటస్‌లో ఉండి అదే వీసా మీద తిరిగొచ్చేవాళ్ళకి మినహాయింపు ఉంది. మిగతావాళ్ళు వెళ్ళేలోపే ఏపీ అప్రూవ్ అయి ఉండాలి. ఐ-131 (ఏపీ కోసం దరఖాస్తు) వేశాం కదా, అక్కడికి వెళ్ళాక వస్తుందిలే అనుకుని విమానం ఎక్కితే ఆ ఐ-131 పోతుంది, దాంతోపాటు 485 కూడా పోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో దీనికి రకరకాల జవాబులు చెబుతుంటారు. ఆ జవాబులు నమ్మి ప్రయాణాలు పెట్టుకోకండి.

మావారి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) సంగతి కొంత అదృష్టమే. 2021లో మా మామగారు పోయినప్పుడు ఒక్కరే వెళ్ళి, అప్పుడే స్టాంపింగ్ చేయించుకొచ్చారు. 2024 జనవరి చివర్లో అమెరికాలోనే హెచ్1బీ స్టాంపింగ్ రెన్యూ చేసే పైలట్ ప్రోగ్రాం పెట్టారు, మొత్తం 20,000 మందికి. ఇండియాలో వీసా పొందినవాళ్ళలో 2021 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు చివరిదాకా పొందినవాళ్ళకే అది. ఆయన తేదీ సరిగ్గా అందులో పడింది. పాస్‌పోర్టు స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి పోస్టులో పంపితే కొత్త స్టాంపుతో ఇంటికొచ్చింది. హెచ్4 వాళ్ళని అందులో చేర్చలేదు కాబట్టి, మేం హెచ్4 పొడిగించి ఉన్నా నాకూ పాపకీ ఉపయోగపడేది కాదు.

2024 మే, జూన్‌లంతా మౌఢ్యం. ముహూర్తాలే లేవు. చివరికి తమ్ముడి పెళ్ళి తెనాలిలో శ్రావణమాసంలో పెట్టారు. ఇక్కడ ఫ్రిస్కోలో స్కూళ్ళు తెరిచేది ఆగస్టులోనే. "అక్కా, ఆడపడుచువి నువ్వే లేకపోతే మాకు పెళ్ళెవరు చేస్తారు?" అని తమ్ముడు ఫోను చేశాడు. వాడికి ఐ-131 గురించి ఏం చెప్పను? వస్తున్నాం అన్నాను.

మా పాత ఏపీల గడువు అప్పటికే అయిపోయింది. రెన్యూవల్ చలికాలంలోనే వేసి ఉన్నాం. 485ని 2020లో ఫీజు కట్టి వేసినవాళ్ళం కాబట్టి దీనికి ఫీజు లేదు. జూన్‌లో పాపది అప్రూవ్ అయింది. నాది కాలేదు. ఒకే రోజు, ఒకే కవరులో పంపిన దరఖాస్తులవి. పన్నెండేళ్ళ పిల్ల వెళ్ళొచ్చు, తల్లి వెళ్ళకూడదు!

ఇమ్మిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) కస్టమర్ సర్వీసుకి ఫోను చేసి ఎక్స్‌పెడైట్ (త్వరగా తేల్చమని) అడిగాను. శుభలేఖ, దాని ఇంగ్లీషు అనువాదం, టికెట్ల రిజర్వేషన్, నేను పెళ్ళికొడుకు అక్కనని తెలిపే కాగితాలు అప్‌లోడ్ చేశాను. సరదాగా సెలవుల కోసం అంటే సాధారణంగా ఒప్పుకోరు. ముందే నిర్ణయమైన కార్యం ఉన్నప్పుడు మాత్రం, దరఖాస్తు సకాలంలో వేశారా లేదా అన్నది చూస్తారు. అందుకే రిసీట్ తేదీని ఉత్తరంలో మొదటి వాక్యంలోనే రాశాను. దాంతోపాటు అమెరికా కాంగ్రెస్‌లో మా ప్రాంత సభ్యుడి ఆఫీసులో ప్రైవసీ రిలీజ్ ఫారం (మా తరఫున కేసు గురించి అడగడానికి అనుమతి) నింపి ఇచ్చాను. ఓటు హక్కు లేనివాళ్ళం కదా, మనల్ని పట్టించుకుంటారా అని సందేహించాను. అక్కడి అమ్మాయి ఎంతో ఓపికగా విని, వారం తిరక్కుండా ఫోను చేసింది. రెండిట్లో ఏది పనిచేసిందో చెప్పలేను గానీ, జులై నెల మధ్యలో అప్రూవల్ పడింది. ఆ తర్వాత ఏపీ కాగితం కోసం రోజూ పొద్దున్నే పోస్టాఫీసు వాళ్ళు ఈమెయిల్లో పంపే, రాబోయే కవర్ల ఫోటోలు చూడటమే పని.

టికెట్ల దగ్గర ఇంకో చిక్కు. లండన్ మీదుగా చవగ్గా ఉన్నాయి. కానీ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు అక్కడ విమానం మారాలంటే అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. ఏపీ కాగితం ఆ లెక్కలోకి రాదు, విడిగా ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. వందల డాలర్లు ఎక్కువైనా దోహా మీదుగానే తీసుకున్నాం.

పెళ్ళి బాగా జరిగింది. వాన కూడా పడింది.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్ చెక్-ఇన్ దగ్గర అసలు పరీక్ష. కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు చివరిదాకా తిప్పి, "మేడమ్, మీ వీసా ఎక్స్‌పైర్ అయిపోయింది" అంది. ఏపీ కాగితం ఇచ్చాను. మామూలు తెల్ల కాగితం, మూలన నా ఫోటో. చూస్తే ఎవరైనా ఇంట్లో ప్రింటు తీసుకున్నారనుకుంటారు. ఆమె దాన్ని వెలుతురుకి పట్టి చూసి, సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన ఫోటో తీసి ఎవరికో పంపి, జవాబు వచ్చేదాకా మమ్మల్ని పక్కకి నిలబెట్టారు. మా వెనక లైను కదులుతూనే ఉంది. బాబు సూట్‌కేసు మీద కూర్చుని, ఆవకాయ జాడీ పగిలిందా అని వాసన చూస్తున్నాడు. చివరికి బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. మీరైతే నాలుగు గంటల ముందే వెళ్ళండి.

డాలస్‌లో దిగాక మావారిని "హెచ్1బీ మీదే ఎంటర్ అవుతున్నాను" అని గట్టిగా చెప్పమన్నాను. ఆయన దగ్గర కూడా ఏపీ ఉంది కాబట్టి, ఆఫీసరు పొరపాటున దాని మీద స్టాంపు వేస్తే మా లాయరు చెప్పిందంతా వృథా. నన్నూ పాపనీ సెకండరీకి (విడిగా తనిఖీ చేసే గదికి) పంపారు. ఫోన్లు వాడకూడదు, కుర్చీల్లో కూర్చుని పేరు పిలిచేదాకా ఎదురుచూడాలి. పాప కొంచెం బెదిరింది. తీరా పిలిచాక ఆఫీసరు అడిగింది రెండే మాటలు: ఏ కేటగిరీలో 485 వేశారు, ఇంకా అదే కంపెనీయా. ఏపీ రెండు ఒరిజినల్ కాపీల్లో ఒకటి తీసుకుని, రెండోదాని మీదా పాస్‌పోర్టులోనూ పెరోల్ స్టాంపు కొట్టి ఏడాది తేదీ వేశాడు. ఈ రెండో కాపీని పారేయకండి, మళ్ళీ ప్రయాణానికి అదే.

ఇంటికెళ్ళాక ఐ-94లు (దేశంలోకి వచ్చినట్టు ఆన్‌లైన్ రికార్డులు) తీసి చూశాం. ఆయనది హెచ్1బీ, నాదీ పాపదీ డీఏ (అడ్వాన్స్ పెరోల్ కోడ్). పాపది మొదట దొరకలేదు. ఇంటిపేరూ పేరూ తారుమారు చేసి వెతికితే వచ్చింది. మూడూ లాయరుకి పంపేసి, స్కూల్లో మొదటివారం ఎందుకు రాలేదో రాసివ్వడానికి కూర్చున్నాను.