తొమ్మిది కాళ్ల పీత

మా ఇంట్లో పెద్ద మంచం దుప్పటి మీద పూలు ఉండవు, నెమళ్లు ఉండవు. పీతలు ఉంటాయి. నల్లటి కెరటాల అంచు వైపు ఎర్రటి పీతలు బారులు తీరి నడుస్తుంటాయి. మొదటిసారి పరిచిన రోజు మా అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయి, "పీతల మీద పడుకోమంటావా అమ్మాయీ?" అన్నారు. ఇప్పుడు చలి మొదలైతే చాలు, ఆ దుప్పటి ఆవిడ గదిలో తేలుతుంది.

మూడేళ్ల క్రితం బందరులో పెళ్లికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో కలంకారీ అద్దకానికి పేరున్న పెడనలో ఆగాను. టేకు చెక్క మీద అచ్చులు చెక్కే ఒక పెద్దాయన దగ్గర గోడ నిండా తరాల నాటి పర్షియా తరహా పూలూ లతలూ మామిడి పిందెలూ ఉన్నాయి. ఓ మూల నూనెలో నానుతున్న కొత్త అచ్చు మాత్రం పీత. ఎవరూ అడగకుండానే చెక్కారట. "చిన్నప్పటి నుంచీ చూసింది దీన్నే కదమ్మా, ఆ పర్షియా పువ్వును నేనెప్పుడు చూశాను?" అన్నారు. అక్కడికక్కడే దుప్పటికి డబ్బులిచ్చేశాను.

అద్దకం చూడడానికి మర్నాడు కూడా ఉండిపోయాను. బట్టను ముందే కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ రోజుల తరబడి నానబెడతారు; ఆ కుండ దగ్గర వాసన గురించి రాయను. ఎరుపు రావలసిన చోట వేసేది పటిక. అచ్చు గుద్దినప్పుడు అక్కడ పీత ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. తర్వాత పారే నీటిలో జాడించి, రంగు చెక్కలు వేసిన పెద్ద గంగాళంలో ఉడికిస్తే అప్పుడు తేలుతుంది ఎరుపు. నేను నోరు తెరిచి చూస్తుంటే పెద్దాయన, "పీత ఎక్కడైనా ఉడికితేనే కదమ్మా ఎర్రబడేది" అన్నారు.

పట్టుకార్లలాంటి ముందు కాళ్లు రెండూ కాక పీతకు ఎనిమిది కాళ్లు. నా దుప్పటిలో పాదాల వైపు మూడో వరుసలో ఒకదానికి మాత్రం తొమ్మిది. అద్దే అబ్బాయి చెయ్యి కాస్త జారింది. వేరే దుప్పటి ఇస్తామన్నారు, నేను వద్దన్నాను. నాకు అన్నింటిలోకీ అదే ఇష్టం.

(ఉతకడం గురించి: మొదటి రెండు మూడు సార్లు విడిగా, ఉప్పు నీళ్లలో. నీడలోనే ఆరేయాలి. మా ఆయన తెల్ల చొక్కా ఒకటి గులాబీ రంగుకు మారాక నేర్చుకున్న పాఠమిది. నాలుగు ఉతుకులకు బట్ట మెత్తబడుతుంది, ఆరో నెలకు పాత చీరలా ఒంటికి హత్తుకుంటుంది.)

పోయిన నెల నగరంలో ఒక పెద్ద దుకాణంలో పీతల దుప్పట్లు కనిపించాయి. సగం ధర. సంతోషంగా విప్పి చూశాను. ప్రతి పీతకూ తొమ్మిది కాళ్లు! తిరగేసి చూస్తే వెనక వైపు తెల్లగా ఉంది, రంగంతా పైపైనే. మచిలీపట్నం కలంకారీ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతం వాళ్లకే ఆ పేరు వాడే హక్కు, ఉంది కానీ, పెడనలో ఒకాయన సొంతంగా గీసుకున్న పీతకు ఏ కాపలా ఉంది?

మన తీరపు అద్దకాలకు నకళ్లు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా వాళ్లు వీటిని అనుకరించారు, నిషేధించారు కూడా. ఇంగ్లండులో 1701 నుంచి ఆంక్షలుండేవి. డేవిడ్ గారిక్ అనే నటుడి మంచానికి మచిలీపట్నం నుంచి వెళ్లిన తెరలను కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. ఆ మంచం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మంచం మీద నటుడి పేరు నిలిచింది, అద్దినవాళ్ల పేరు లేదు.

ఇంతకీ ఆ తొమ్మిదో కాలు దుకాణం వాళ్లకు ఎలా దొరికిందంటే, నా వల్లే. నా ముద్దుల పీతను దగ్గర నుంచి ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది నేనే. రెండు రోజులు మథనపడి పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను, క్షమించమన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అడిగారు:

"వాటిని ఉడికించారా అమ్మా?"

"లేదండీ, పైన పూసిన రంగే."

"అయితే పచ్చి పీతలే" అని నవ్వారు.