మబ్బు అడ్డమొస్తే గుండు కిందికెందుకు పోతాది?

చిత్తూరు నుంచి తమ్ముడొకడు అడిగినాడు, అన్నా రైఫిల్ అదే, బుల్లెట్లూ అవే, పొద్దున పదులు (టార్గెట్ నడిమధ్య రింగులో) పడతా ఉంటే మధ్యాహ్నానికి గుండ్లన్నీ పక్కకి జరిగిపోతాయి ఎందుకని. గాలి ఒక్కటే కాదు తమ్ముడూ, వెలుతురు కూడా చూడాల. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు 10.4 మిల్లీమీటర్లే, చిటికెనవేలి గోరంత, కన్ను రవ్వంత మోసపోయినా పోయినట్టే.

ఎండ ఒక పక్కనుంచి కొడితే ఫ్రంట్ సైట్ (రైఫిల్ ముందు కొసన గురి చూసే ముక్క) ఆ అంచున మెరుస్తాది, మధ్య ఎక్కడో కన్ను తప్పు లెక్కేస్తాది, అందుకే దానికి మసి పూసేవాళ్ళు, గొట్టంలాంటి హుడ్ పెడతారు.

అసలు కష్టం మిరాజ్‌తో, అంటే ఎండమావితో. మే నెలలో మన అలిపిరి రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనపడతాది చూడు, రేంజ్‌లో కూడా నేల కాలిపోయి వేడిగాలి వెలుతుర్ని వంచేస్తాది, స్కోప్‌లో టార్గెట్ అల్లాడతా ఉంటాది, గాలి ఎటుపోతే బొమ్మ అటు జరిగినట్టుంటాది, గాలి లేకుంటే పైకి లేచినట్టు, టార్గెట్ మాత్రం ఉన్నచోటే ఉంది! అంతలో మబ్బు కమ్మిందనుకో, అలలు తగ్గి బొమ్మ కిందికి దిగుతాది, ఎండలో సెట్ చేసిన సైట్‌తో కొడితే గుండు కిందికి పోతాది. 300 మీటర్లకు పోతే ఈ తేడా ఇంకా ఎక్కువ. నేనైతే సైట్ సెట్ చేసినప్పటి వెలుతురు మళ్ళీ వచ్చేదాకా, టైమ్ ఉన్నంతసేపు, ట్రిగ్గర్ ముట్టుకోను.