చెరొకీలో రెండు పొరల బుట్ట

అమెరికాలో షార్లెట్ నుంచి స్మోకీ కొండలకు వెళ్లే మనవాళ్లు చాలామంది చెరొకీ ఊరి మీదుగానే పోతారు. చెరొకీ అనే అమెరికా ఆదివాసి తెగవాళ్ల ఊరది. ఈసారి తప్పకుండా ఆగండి. చెరొకీల పాతకాలపు జీవనాన్ని చూపించే అక్కడి ఓకొనలఫ్టీ ఇండియన్ విలేజ్‌లో ఒక పెద్దావిడ బుట్ట అల్లుతుంటే నాకైతే కదలబుద్ధి కాలేదు. ఏటి ఒడ్డున పెరిగే రివర్‌కేన్ అనే సన్న వెదురును చీల్చి, బద్దలు గీకి నునుపు చేస్తారు. నల్ల వాల్‌నట్ వేళ్లతో ముదురు గోధుమ రంగు, బ్లడ్‌రూట్ అనే మొక్కతో నారింజ రంగు. లోపలి పొరను అడుగు నుంచి అంచు దాకా అల్లి, అవే బద్దలను వంచి బయటి పొరగా కిందికి దింపుతారు. ఎక్కడా అతుకు కనపడదు! అసలు కష్టం ఆ వెదురు దొరకడమే. పొదలు చాలావరకు పొలాల కింద పోయాయి.

అల్లుతూనే పక్కనున్న అమ్మాయికి చెరొకీ భాషలో నేర్పిస్తున్నారు. సెక్వోయా అనే చెరొకీ ఆయన 1821లో లిపి తయారుచేసిన భాష అది. 2019లో మూడు చెరొకీ తెగల ప్రభుత్వాలు కలిసి ఆ భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. బాగా మాట్లాడగలిగేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే మరి. అందుకే ఆ పాఠం వింటుంటే చాలా సంతోషమేసింది.

బుట్ట కొనాలనిపిస్తే 1946లో మొదలైన క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ మ్యూచువల్‌కు వెళ్లండి, అది కళాకారుల సొంత సహకార సంఘం. ధర ఎక్కువే. దయచేసి బేరమాడకండి.